ప్యాకెట్టు వెనక సన్న అక్షరాలు

"నాలుగు సున్నుండలు వదినా! నాలుగంటే నాలుగు! వాటికే షుగరు నాలుగు వందల డెబ్భై అయిపోతుందా?"

బ్లెస్సీ గొంతు వీధిలోకి వినిపిస్తోంది. జోజిబాబు లేచి వీధి తలుపు దగ్గరగా వేశాడు.

"మెల్లగా మాట్లాడవే. కడుపుతో ఉన్నదానివి."

"మెల్లగానే ఉన్నాను అన్నయ్యా. ఆస్పత్రిలో మూడు రోజులూ ఒక్క మాట అనలేదు. అమ్మ ఇంటికొచ్చింది. ఇప్పుడైనా నన్ను అడగనివ్వు."

కరుణశ్రీ వంటగది గడపలో నిలబడి ఉంది. ఆమె చేతిలో ఖాళీ స్టీలు డబ్బా. పోయిన నెల విస్సన్నపేట నుంచి ఆడపడుచు సున్నుండలు పెట్టి తెచ్చిన డబ్బా అది. అడుగున నెయ్యి మరక తప్ప ఏమీ మిగల్లేదు.

"నిన్ను నేనేమీ అనలేదు బ్లెస్సీ. డాక్టరు గారు అడిగారు, అత్తయ్య చెప్పింది. కూతురు తెచ్చిన సున్నుండలు దాచుకుని తిన్నానంది. నీ ఎదురుగానే కదా అంది!"

"నువ్వు నమ్మేశావు."

"నమ్మక ఏం చెయ్యను? ఈ ఇంట్లోకి వచ్చే ప్రతి ప్యాకెట్టూ తిప్పి, వెనక అచ్చు చదివి గాని లోపల పెట్టను. ఇంకెక్కడ నుంచి వస్తుంది అత్తయ్యకి అంత షుగరు? బయట నుంచి వచ్చిన వాటి మీద అచ్చు ఉండదు. ఏం చదవమంటావు?"

"కన్న కూతురు తెచ్చిన దాని మీద కూడా అచ్చు కావాలా నీకు?"

కరుణశ్రీ వంటగదిలోకి తిరిగింది. ఆ డబ్బా తీసుకెళ్లి సింకులో పడేసింది. ఆ చప్పుడే జవాబైంది.

బ్లెస్సీ తల్లి మంచం దగ్గరికి వెళ్లింది. అక్కమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. సెలైను సూది తీసిన చోట మణికట్టు మీద దూది ఇంకా అలాగే అంటుకుని ఉంది.

"అమ్మా, నువ్వు చెప్పు. ఆ నాలుగూ ఎవరు తిన్నారు?"

"నేనే."

"అన్నీ?"

"అన్నీ."

"మరి ఆ రోజు ఫోన్‌లో అన్నయ్యకి రెండు పెట్టానన్నావుగా?"

అక్కమ్మ దుప్పటి భుజం దాకా లాక్కుంది. "నాకు గుర్తులేదు. నన్ను పడుకోనివ్వండర్రా."

బ్లెస్సీ అన్న వైపు చూసింది. జోజిబాబు సెల్‌ఫోన్‌లో ఏదో వెతుకుతున్నాడు. అతను తల ఎత్తలేదు.

"సరే అన్నయ్యా," అంది బ్లెస్సీ. ఆ రెండు మాటల్లో కోపం లేదు. అందుకే కరుణశ్రీ గడప దాటి వచ్చింది.

"భోంచేసి వెళ్లు," అంది వెనకాలే వెళ్లి.

"వద్దులే వదినా. మీ ఇంట్లో తినాలంటే ముందు చదవాలి. నాకంత చదువు రాలేదు."

వీధి చివర ఆటో ఎక్కేదాకా ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

*

జోజిబాబు చెప్పులేసుకుని బస్టాండు దగ్గర ఉన్న తన కిరాణా కొట్టుకి వెళ్లిపోయాడు. రెండో శనివారం కావడంతో కరుణశ్రీకి స్కూలు లేదు. ఎ.కొండూరు హైస్కూల్లో ఆమె జీవశాస్త్రం చెబుతుంది. ఇంట్లో అత్తా కోడళ్లిద్దరే మిగిలారు.

ఆస్పత్రి వాళ్లు వేలికి సూది పొడిచి చూసుకునే షుగరు మిషను కొనిపించారు. ఎప్పటికెంత ఉందో కాగితం మీద రాసి వచ్చేవారం తీసుకురమ్మన్నారు. పదకొండు గంటలకి కరుణశ్రీ అత్తగారి వేలు పట్టుకుని చూసింది. నూట డెబ్భై ఆరు. ఫర్వాలేదనుకుంది.

రోజూ ఆ వేళకి అక్కమ్మ రాగి మాల్టు తాగుతుంది; స్కూలున్న రోజుల్లో కరుణశ్రీ పొద్దున్నే కలిపి ఫ్లాస్కులో పోసి వెళుతుంది. ఇంట్లో దాన్ని అందరూ పచ్చ డబ్బా అంటారు. డబ్బా మీద రాగి కంకుల బొమ్మ, దాని కింద ఎర్ర గుండె బొమ్మ, రెండింటి మధ్యా పెద్ద పెద్ద తెలుగు అక్షరాలతో 'చక్కెర చేర్చలేదు' అని ఉంటుంది. మూడు నెలల క్రితం కొట్లో పది రకాల డబ్బాలు ముందు పెట్టుకుని, ఒక్కొక్కటీ తిప్పి చదివి కరుణశ్రీ ఎంచి తెచ్చిన డబ్బా అది. చర్చిలో స్త్రీల కూటానికి కూడా పట్టుకెళ్లి చూపించింది. షుగరున్న వాళ్లు నిశ్చింతగా తాగొచ్చని చెప్పింది. ఆ వారంలోనే పదిహేను ఇరవై ఇళ్లకి వెళ్లాయి ఆ డబ్బాలు.

గ్లాసు అందిస్తే అక్కమ్మ చెయ్యి చాపలేదు.

"వద్దులే అమ్మాయ్. కాస్త మజ్జిగ ఇవ్వు."

"మజ్జిగతో బలం ఏం వస్తుంది అత్తయ్యా? మూడు రోజులు సెలైను మీద ఉన్నారు. తాగండి."

"రేపటి నుంచి తాగుతాలే."

"మీరిలా మొండి చేస్తేనే కదా ఇంతదాకా వచ్చింది! సున్నుండలైతే దాచుకుని మరీ తింటారు. మంచిదని ఇస్తే వద్దంటారు."

అక్కమ్మ కోడలి ముఖంలోకి ఒక్క క్షణం చూసి గ్లాసు అందుకుంది. మందు తాగినట్టు కళ్లు మూసుకుని తాగేసింది.

గంటన్నర తర్వాత కరుణశ్రీ మళ్లీ వేలు పొడిచింది. మిషను మీద అంకె పడింది. మూడు వందల ముప్ఫై ఎనిమిది.

మిషను పాడైందనుకుంది. అత్తగారి చేతులు సబ్బుతో కడిగించి, ఇంకో వేలికి పొడిచి చూసింది. మూడు వందల నలభై ఒకటి.

పొద్దుటి నుంచి అక్కమ్మ తిన్నది రెండు ఇడ్లీలు. అది ఏడున్నరకి. తర్వాత ఆ మాల్టు తప్ప మంచినీళ్లే.

కరుణశ్రీ డబ్బా పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. వెనక అచ్చంతా ఇంగ్లీషే. చీమ తలకాయంత అక్షరాలు, పచ్చ రంగు మీద తెల్లగా. ఆ రోజు కొట్లో చదివినప్పుడు కూడా కళ్లు లాగాయి. ఇప్పుడు సెల్‌ఫోన్‌తో ఫోటో తీసి, పెద్దది చేసి చదివింది.

'చేర్చిన చక్కెర: సున్నా'. అది ఆ రోజు చూసిందే. దానికి రెండు గీతల పైన 'పిండి పదార్థాలు: వంద గ్రాములకు ఎనభై నాలుగు'. ఇంకా పైన, ఏమేం కలిపారో రాసిన వరసలో, మొట్టమొదటి పేరు మాల్టోడెక్స్‌ట్రిన్. రాగి పిండి మూడోది. ఏది ఎక్కువ కలిపితే దాని పేరు ముందు రాస్తారని తొమ్మిదో తరగతి పిల్లలకి బోర్డు మీద రాసి చెప్పింది తనే.

మాల్టోడెక్స్‌ట్రిన్‌ని పంచదార అనరు. పిండిని విరగ్గొట్టి చేసిన పొడి అది. పేరు చక్కెర కాకపోయినా కడుపులోకి వెళ్లగానే చక్కెరయి కూర్చుంటుంది. జీవశాస్త్రం టీచరుకి ఇది ఇంకొకరు చెప్పాలా?

డబ్బా మీద అబద్ధమేమీ రాయలేదు. సున్నా అన్నచోట సున్నాయే ఉంది. ఆ రోజు ఆమె చూపు సున్నా దగ్గర ఆగిపోయింది.

ఒకసారికి ఇరవై గ్రాములు కలుపుకోవాలని రాసుంది. అంటే రెండు చెంచాలు. అక్కమ్మ గ్లాసు పెద్దది. కరుణశ్రీ దానికి ఐదు చెంచాలు వేస్తుంది, నిండుగా. రోజుకి మూడుసార్లు. మూడు నెలలుగా.

ఆమె డబ్బా పట్టుకునే మంచం దగ్గరికి వచ్చింది.

"అత్తయ్యా, మీకు ముందే తెలుసా?"

"ఏ సంగతి?"

"ఈ పిండి సంగతి."

అక్కమ్మ లేచి కూర్చుంది. కోడలి చేతిలో ఉన్న డబ్బా వంక చూడలేదు.

"చదువు రానిదాన్ని, నాకేం తెలుస్తుందమ్మా? తాగిన కాసేపటికి నోరు పిడచకట్టుకుపోయేది. కళ్లు మసకలు కమ్మేవి. ఒక రోజు నువ్వు కలిపి పెట్టకుండా స్కూలుకి తొందరగా వెళ్లావు, నేనూ కలుపుకోలేదు. ఆ రోజు ప్రాణం హాయిగా ఉంది. నాకు తెలిసిందంతే."

"మరి నాకు చెప్పొచ్చు కదా!"

"ఎట్లా చెప్పేది? 'అంతా చదివి చూశాను అత్తయ్యా, ఇందులో షుగరు లేదు, ఎంతైనా తాగొచ్చు' అన్నావు. నేను మిరప చేలో కూలికెళ్లి పిల్లల్ని పెంచినదాన్ని. నువ్వు పిల్లలకి పాఠాలు చెప్పేదానివి. నా నోరు ఎండినంత మాత్రాన నీ చదువు తప్పవుతుందా అనుకున్నాను."

'ఎంతైనా తాగొచ్చు.' ఆ మాట తను అన్నది నిజమే. నవ్వుతూ అంది కూడా.

"మరి డాక్టరు దగ్గర సున్నుండలన్నారెందుకు?"

"ఆయన అందరిలో అడిగాడు. 'ఈవిడకి ఇన్నాళ్లు ఏం పెడుతున్నారు? ఇంట్లో చదువుకున్నవాళ్లు ఎవరూ లేరా?' అని గట్టిగా కేకలేశాడు. నువ్వు నా పక్కనే ఉన్నావు. మీ స్కూలు పిల్లల తల్లిదండ్రులు ఇద్దరు ముగ్గురున్నారు ఆ వార్డులో. నీ చేత్తో కలిపిన పిండి అంటే నీ ముఖం ఏమయ్యేది? కూతురు తెచ్చిన తీపి తిన్నానంటే ఎవరికీ తప్పుగా అనిపించదు. ముసలి ముండ, నోరు కట్టుకోలేకపోయింది అనుకుంటారు. పోతుంది."

"బ్లెస్సీ అన్నం ముట్టకుండా వెళ్లింది అత్తయ్యా!"

"కడుపున పుట్టిన పిల్ల. రెండు రోజులు ఏడుస్తుంది. మళ్లీ అమ్మా అని అదే వస్తుంది. నువ్వు అట్లా కాదు. ఒకసారి నలుగురిలో తలదించుకుంటే నువ్వు మళ్లీ ఎత్తలేవు. నాకు తెలుసు నీ సంగతి."

కరుణశ్రీకి ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది.

"నన్ను కాపాడమని మిమ్మల్ని నేను అడిగానా? మీరు నిజం చెప్పి ఉంటే ఇవాళ మళ్లీ నా చేత్తో ఆ గ్లాసు ఇచ్చేదాన్నా? వద్దన్నారే గాని ఎందుకో చెప్పలేదు! నేను అరిస్తే తాగేశారు! నా పరువు కోసం ప్రాణం తీసుకుంటారా?"

అక్కమ్మ మళ్లీ గోడ వైపు తిరిగి పడుకుంది.

"ఇప్పుడు తెలిసింది కదా. డబ్బా పారేయ్. ఇంతటితో వదిలెయ్."

*

జోజిబాబు కొట్లో ఒక మూల రెండు అరలు భార్య కోసమే కేటాయించాడు. పైన 'ఆరోగ్యపు అర' అని బోర్డు. అందులో ఏం పెట్టాలో కరుణశ్రీ చదివి చెబుతుంది, అతను తెప్పిస్తాడు. నడి అరలో పచ్చ డబ్బాలు బారుగా నిలబడి ఉన్నాయి.

కరుణశ్రీ వెళ్లేసరికి సరోజినీదేవి గారు అక్కడే ఉన్నారు. పెనుగొలను వైపు మామిడి తోటలున్న కుటుంబం. నెలకోసారి కారులో వచ్చి సరుకులు తీసుకెళతారు. ఆవిడ చేతుల్లో అప్పటికే రెండు పచ్చ డబ్బాలున్నాయి.

"రండి టీచర్ గారూ, నిండు నూరేళ్లు. ఇప్పుడే మిమ్మల్ని తలుచుకున్నాను. మావారు ఇదైతేనే తాగుతున్నారు. లేకపోతే టీలో పంచదార కోసం నాతో రోజూ గొడవే!"

"అవి పెట్టెయ్యండి. వద్దు."

"అదేంటి?"

"అందులో చక్కెర కలపలేదు గాని, షుగరు పెంచే పిండి ఉందండి. అన్నిటికన్నా ఎక్కువ కలిపింది అదే. మీవారికి ఎన్నేళ్ల నుంచి ఉంది షుగరు?"

"పన్నెండేళ్లు." సరోజినీదేవి డబ్బా ముందువైపు తిప్పి వేలితో చూపించారు. "చక్కెర చేర్చలేదని ఇంతింత అక్షరాలతో వేశారు కదమ్మా! అబద్ధం వేస్తారా?"

"అబద్ధం కాదండి. ఇటు తిప్పి చూడండి..."

"ఆ అక్షరాలు నా కళ్లకి ఆనవు. ఆనినా నాకు ఇంగ్లీషు రాదు. అయినా డబ్బాని ఎవరు చదివారమ్మా? మిమ్మల్ని చూసి తీసుకున్నాం."

జోజిబాబు బల్ల వెనక నుంచి గబగబా వచ్చాడు.

"ఏం లేదండి, మా అమ్మకి బాగోలేక కంగారుగా ఉంది. అందరికీ పడకపోవడమేమీ ఉండదు లెండి."

"ఏమండీ! ఆవిడకి చెప్పనివ్వండి నన్ను."

సరోజినీదేవి ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. డబ్బాలు అరలో పెట్టేసి, పక్కనే ఉన్న ఓట్సు బిస్కెట్ల ప్యాకెట్టు తీసుకున్నారు. "పోనీ, ఇవి?"

కరుణశ్రీ ప్యాకెట్టు తిప్పింది. "మొదటిది మైదా. ఓట్సు వందకి ఎనిమిది వంతులండి."

"బొమ్మ నిండా ఓట్సే ఉన్నాయి కదా!"

"బొమ్మే అండి అది."

"ఇదీ వద్దు, అదీ వద్దు. మరి ఆయన నాలుగు గంటలకి నోట్లో ఏం వేసుకోవాలి? మంచినీళ్లు తాగి కూర్చోమంటారా?" ఆవిడ గొంతులో విసుగు వచ్చేసింది. "పోయిన నెల మంచిదన్నారు. ఈ నెల చెడ్డదంటున్నారు. వచ్చే నెల ఏమంటారో! దాని బదులు కంపెనీ వాళ్లు రాసిందే నయం, మాట మార్చరు."

ఓట్సు బిస్కెట్లతో పాటు ఒక పచ్చ డబ్బా కూడా మళ్లీ తీసుకుని సంచిలో వేసుకున్నారు. జోజిబాబు కారు దాకా మోసుకెళ్లి పెట్టి వచ్చాడు.

అతను తిరిగి వచ్చేసరికి కరుణశ్రీ నడి అర ఖాళీ చేస్తోంది.

"ఏంటిది? కొట్లో నలుగురు తిరుగుతుంటే ఆవిడతో అట్లాగేనా మాట్లాడేది?"

"మీ అమ్మకి మాల్టు తాగక ముందు నూట డెబ్భై ఆరు. తాగాక మూడు వందల నలభై. నేనే చూశాను. రెండుసార్లు."

జోజిబాబు ముఖం మాడిపోయింది. "మరి సున్నుండలు?"

"ఆ నాలుగింట్లో రెండు మీరే తిన్నారట కదా."

అతను ఒక డబ్బా తీసి మళ్లీ అరలో సర్దాడు.

"పొద్దున బ్లెస్సీ అడిగినప్పుడు ఫోను చూసుకుంటూ కూర్చున్నారేం?"

"అమ్మ అన్నీ తనే తిన్నానంది. అమ్మ అబద్ధమాడుతోందని చెల్లెలి ముందు ఎట్లా అనను?"

"తప్పంతా చెల్లెలి మీద నేను వేస్తుంటే మాత్రం ఊరుకున్నారు."

"ఇప్పుడేం చేద్దామంటావు?"

"ఈ అర తీసేద్దాం. బ్లెస్సీ దగ్గరికి వెళ్లి చెబుదాం. రేపు స్త్రీల కూటంలో నేనే లేచి, తప్పు చదివానని చెబుతాను."

"పిచ్చెక్కిందా కరుణా నీకు? టీచరమ్మ తప్పు చదివింది, ఆవిడ మాట మీద మొగుడు అమ్మాడు అనుకోరా? ఊళ్లో మన ముఖం ఎవరు చూస్తారు? తాగినవాళ్లంతా బాగానే ఉన్నారేమో. అందరికీ అమ్మకైనట్టే అవుతుందా?"

"ఎవరింటికైనా వెళ్లి అడిగారా?"

"లేదు."

"నేనూ అడగలేదు. అందుకే భయంగా ఉంది నాకు."

ఆమె ఇంకో రెండు డబ్బాలు తీసింది. జోజిబాబు అరకి అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"ఉన్నవి అయిపోనీ. మళ్లీ తెప్పించను. చెల్లెలికి నేను నచ్చజెబుతాను. ఈ సంగతి మనింట్లోనే ఉండనీ."

ఉప్పు ప్యాకెట్టు కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు సరుకు మర్చిపోయి వీళ్ల వంకే చూస్తున్నారు. భర్త చెయ్యి అక్కడి నుంచి కదల్లేదు. గట్టిగా లాగితే డబ్బాలన్నీ కింద పడతాయి. కరుణశ్రీ తన చేతిలో ఉన్న రెండింటినీ బల్ల మీద పెట్టింది.

"మీరు అమ్ముకోండి. నేను విస్సన్నపేట వెళుతున్నాను."

"ఒక్కదానివా?"

"తప్పు చేసింది ఒక్కదాన్నేగా."

*

బ్లెస్సీ తలుపు తీసింది గాని, గుమ్మానికి అడ్డంగానే నిలబడింది. ఆమె భర్త నవీన్ కుమార్ ఆఫీసు పని మీద విజయవాడ వెళ్లాడు. ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది.

"ఏం వదినా, ఇంకా ఏమన్నా మిగిలిందా అనడానికి?"

"లోపలికి రానివ్వవా?"

బ్లెస్సీ పక్కకి జరిగింది. కూర్చోమనలేదు. కరుణశ్రీ నిలబడే చెప్పింది. మిషను మీద పడిన అంకెలు, డబ్బా వెనక చదివింది, వార్డులో అక్కమ్మ ఎందుకు అట్లా అన్నదీ, అంతా వరసగా చెప్పింది. ఏదీ దాచలేదు. పొద్దున తను అన్న మాటలకి క్షమించమంది.

బ్లెస్సీ అంతా విని మంచం అంచున కూర్చుంది.

"అంటే అమ్మకి తెలుసు."

"తెలుసు."

"నీ పేరు పోకూడదని నా పేరు చెప్పింది."

"అట్లా అనుకోకు బ్లెస్సీ. ఆవిడ ఏదో..."

"ఎట్లా అనుకోమంటావు? నువ్వు ప్యాకెట్టు తప్పు చదివావు, అది నేను మర్చిపోతాను. ఎవరైనా చదువుతారు తప్పుగా. ఇది ఎట్లా మర్చిపోను?"

కరుణశ్రీ నిజం చెబితే బరువు దిగుతుందనుకుని బస్సెక్కింది. ఆ బరువు తన మీద నుంచి దిగి ఈ పిల్ల మీద పడినట్టయింది.

బ్లెస్సీ లేచి వంటగదిలోకి వెళ్లింది. మంచినీళ్లు తెస్తుందనుకుంది కరుణశ్రీ. ఆమె తెచ్చింది పచ్చ డబ్బా. మూత తీసి చూపించింది. అడుగున కొంచెమే ఉంది.

"ఇది రెండోది," అంది.

కరుణశ్రీ ఆ డబ్బా అందుకుంది. "నువ్వెందుకు తాగుతున్నావు?"

"కూటంలో నువ్వు చెప్పావని అమ్మ చెప్పింది. కడుపుతో ఉన్నావు, మీ వదిన అంతా చదివి మరీ చెప్పింది, పిల్లకి బలం అంది. రెండు పూటలా తాగుతున్నాను. పోయిన వారం డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించింది. షుగరు కనబడుతోంది, మళ్లీ సోమవారం రమ్మంది. మా ఇంట్లో ఎవరికీ షుగరు లేదండి, మా అమ్మకి తప్ప అని చెప్పి వచ్చాను. ఆయనకి కూడా చెప్పలేదు, కంగారు పడతారని."

"ఇదే కారణమని చెప్పలేం బ్లెస్సీ. కడుపుతో ఉన్నప్పుడు కొందరికి వస్తుంది. ఇది మాత్రం ఇవాళ్టి నుంచి మానెయ్. సోమవారం నేనూ వస్తాను. ఈ డబ్బా తీసుకెళ్లి డాక్టరమ్మకి చూపిద్దాం."

"నువ్వు రావడం తర్వాత సంగతి. ముందు అమ్మకి ఫోన్ చెయ్యి. రేపు కూటంలో చెబుతానని ఆవిడతో అను. ఏమంటుందో నేను వినాలి. స్పీకరు పెట్టు. నేనిక్కడ ఉన్నానని చెప్పకు."

"అది బాగోదు."

"పొద్దుటి నుంచి ఏది బాగుంది వదినా?"

కరుణశ్రీ ఫోన్ చేసింది. నాలుగైదు సార్లు మోగాక అక్కమ్మ ఎత్తింది. ఫోన్‌ని మంచం మీద ఇద్దరి మధ్యా పెట్టింది కరుణశ్రీ.

"ఎక్కడున్నావమ్మాయ్? అబ్బాయి ఫోన్ చేశాడు, అలిగి వెళ్లిపోయావంటున్నాడు."

"అత్తయ్యా, రేపు కూటంలో ఆ పిండి గురించి చెప్పేస్తున్నాను. ఇన్ని ఇళ్లలో తాగుతున్నారు. దాచడం నా వల్ల కాదు."

"ఇంతటితో వదిలెయ్ అని చెప్పానా లేదా?" అక్కమ్మ గొంతు గట్టిపడింది. "ఎవరికి పడకపోతే వాళ్లే మానేస్తారు. నువ్వు నలుగురిలో నిలబడి తప్పు ఒప్పుకోవద్దు. లేచి నిలబడ్డావో, నేనూ లేస్తాను. టీచరమ్మ తప్పేం లేదు, నేనే సున్నుండలు తిన్నానని నా నోటితో చెబుతాను. అప్పుడు ఎవరి మాట నమ్ముతారో చూద్దాం."

"బ్లెస్సీ సంగతి?"

"దాని సంగతి దేవుడికి వదిలెయ్. ఆడపిల్ల, పడుతుంది. పడి ఉంటుంది."

కరుణశ్రీ ఫోన్ పెట్టెయ్యబోయింది. ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, బ్లెస్సీ ఫోన్ మీదికి వంగింది.

"అమ్మా, నేనే."

అవతల దగ్గు వినిపించింది.

"నువ్వు తాగమన్న పిండి నేనూ తాగుతున్నానమ్మా. రెండో డబ్బా అయిపోవచ్చింది. నాకూ షుగరు వచ్చింది. పొట్టలో ఉన్నదానికి ఏమవుతుందో సోమవారం గాని తెలియదు. డాక్టరమ్మ నన్నూ అడుగుతుంది, ఎవరు ఏం పెట్టారని. ఎవరి పేరు చెప్పమంటావు?"

అక్కమ్మ పలకలేదు. ఫోన్ కూడా పెట్టెయ్యలేదు. తెర మీద నిమిషాలు ఒకటొకటిగా మారుతుంటే వదినా ఆడపడుచులిద్దరూ దాని వంకే చూస్తూ కూర్చున్నారు.